గౌరమ్మ గెడ పట్టిన నాగావళి

పుష్యమాసంలో పెళ్ళిళ్ళు ఉండవు. పట్టుచీరల కొట్టు పెట్టుకున్నవాళ్ళకు అది ఈగలు తోలుకునే నెల. ధర్మవరంలో మా కొట్టుకు ఏడాదికి నాలుగైదు రోజులు తాళం పడేది ఆ నెలలోనే. ఆ నాలుగైదు రోజులు ఎక్కడికి పోవాలన్నదాని మీద మా ఇంట్లో ప్రతి ఏడూ తగువే. నేను గుడి అంటాను, మా ఆయన చెరువు అంటాడు. ఆయనకు గాలం పిచ్చి. చీర మడతలు విప్పే చేతులతోనే చెరువు కట్ట మీద కూర్చుని పొద్దుగుంకేదాకా దారం వంక చూస్తాడు. తీరా చేప పడితే ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాడు. మా పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఆయన పట్టిన చేప మా పొయ్యి మీద ఒక్కనాడూ ఉడకలేదు.

మొన్న పుష్యంలో ఆయన ఫోన్లో ఒక వీడియో చూపించాడు. శ్రీకాకుళం వైపు నాగావళి నది మీద పడవలో మూడు రోజులు దిగువకు పోతూ గాలం వేసుకోవచ్చట. తిండి వాళ్ళే పెడతారట, రాత్రి పడక ఒడ్డున ఊళ్ళో. మనిషికి మూడు వేలు. "చూస్తాండావా సరోజా, పారే ఏట్లో గాలం వేయడం మన సీమలో పుట్టినోడికి యాడ దొరుకుతాది?" అన్నాడు. నిజమే. మా చిత్రావతిలో నీళ్ళు కనబడితే జనం ఫోన్లు పట్టుకుని పరిగెత్తుతారు. నేను ఒప్పుకున్నది మాత్రం నది కోసం కాదు. ఆ పక్కనే పొందూరు ఉంది. ఆ ఊరి ఖద్దరు గురించి మా కొట్టుకు వచ్చేవాళ్ళు చెబుతుంటే విని విని ఉన్నాను.

ఆమదాలవలస

తెల్లారి రైలు దిగాం. ఆటో అబ్బాయి దగ్గరికి వచ్చి, "ఏటి కావాలమ్మా?" అన్నాడు.

"అవున్నాయనా, ఏటికే. నాగావళికి పోవాల. కానీ ముందు పొందూరు," అన్నాను.

అతను తల గోక్కున్నాడు. "పొందూరా? మరి ఏటంటన్నారు?"

"ఏటికే అంటున్నాను కదా!"

ఇలా రెండు మూడుసార్లు అయ్యాక టీ బండి ఆయన నవ్వాపుకోలేక మధ్యలోకి వచ్చాడు. "అమ్మా, మా కాడ ఏటి అంటే ఏమి అని. ఆడు మిమ్మల్ని ఏమి గావాలని అడుగుతన్నాడు." టీ పది రూపాయలు, అల్లం దండిగా వేశాడు. ఆ గ్లాసు చేతిలో పెట్టి, ఈ నాలుగు రోజులకు సరిపడా ఇంకో పాఠం కూడా చెప్పాడు. ఇక్కడ అప్ప అంటే అక్క అట. మాకేమో అప్ప అంటే మగమనిషిని పిలిచే పిలుపు. ఆ రెండో పాఠం ఎంత పనికొచ్చిందో తర్వాత తెలిసింది.

పొందూరు

ఒక ఇంటి వసారాలో ముసలమ్మ ఒకావిడ పత్తి ముందేసుకుని కూర్చుని ఉంది. చేతిలో పసుపుపచ్చగా మారిన చిన్న ఎముక. దాని అంచునిండా సన్నని పళ్ళు, వాటితో దూదిని దువ్వుతోంది. నేను వంగి చూస్తుంటే, "ఇది ఏటనుకుంటన్నావు?" అంది. ఈసారి నాకు అర్థమైంది.

"దువ్వెనా?"

"వాలుగ దవడ. వాలుగంటే సేప. దీంతో ఏకితే ఒక్క నలుసు మిగల్దు. ఇనపది ఏదీ దీనికి సాటి రాదు." ఆవిడ దువ్విన దూదిని నా అరచేతిలో పెట్టింది. ఇన్నేళ్ళుగా పట్టు అమ్ముతున్నదాన్ని, ఆ దూది బరువు నా చేతికి తెలియలేదు. ఆవిడ కోడలు చూపించిన చీర పన్నెండు వేలు చెప్పారు. బేరం ఆడడానికి నోరు రాలేదు. ఆ నేత వెనక ఎన్ని చేతులు ఉంటాయో మా వృత్తిలో వాళ్ళకు చెప్పక్కర్లేదు.

"ఈ చేప మీ నాగావళిలో దొరుకుతుందా అమ్మా?"

"మా అత్త కాలంలో దొరికేదనే సెప్పేది. ఇప్పుడు గోదారి వేపు నుండి తెత్తన్నారు. మన ఏట్లో ఉన్నాదో లేదో నాకు తెల్దు."

బయటికి వచ్చాక మా ఆయనతో అన్నాను, "ఆ వాలుగను నేను చూడాల." ఆయన ముఖం వెలిగిపోయింది. పెళ్ళయ్యాక ఒక చేప పేరు నేను నోరారా పలికింది అదే మొదలు.

సంగాం, శుక్రవారం

సువర్ణముఖి, వేగావతి వచ్చి నాగావళిలో కలిసే ఊరు సంగాం. అక్కడ రేవులో మా కోసం పడవ ఉంది. నది పడవ కాదది, సముద్రం మీదకు పోయే ఫైబర్ తెప్ప. నీలం రంగు వేసి ఉంది. పక్కన నిలబడ్డ మనిషి రాములు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎండకూ ఉప్పుకూ కాలిన ఒళ్ళు.

"రండమ్మా, రండి బావూ. భయపడకండి. సముద్రం మీద తిరిగిన పడవ ఇది. దీనికి ఏరొక లెక్కా?" అన్నాడు.

అతని పక్కన అతని భార్య గౌరమ్మ, చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు. నన్ను చూడగానే "రా అప్పా" అంది. టీ బండి ఆయన చలవ వల్ల నేను వెనక్కి తిరిగి మగవాళ్ళెవరా అని చూడలేదు.

గౌరమ్మ కూడా వస్తుందనుకుని పడవలో పక్కకు జరిగాను. ఆమె క్యారియరు అందించి గట్టు మీదే ఉండిపోయింది. "నువ్వు రావా?" అంటే నవ్వి మొగుడి వంక చూసింది. రాములే చెప్పాడు. "మా సముద్రం వేపు ఆడోలు పడవెక్కరమ్మా. గంగమ్మ తల్లికి పడదు."

"మరి నేను ఎక్కానే?"

"మీరు పేసింజరు గదా."

ఆ మధ్యాహ్నం పడవలోనే అతని కథ విన్నాం. కళింగపట్నం పక్కన వాళ్ళది సముద్రం ఒడ్డు ఊరు. పదకొండేళ్ళు గుజరాత్ వెరావల్‌లో బోటు మీద పనిచేశాడు. ఆగస్టులో రైలెక్కితే మళ్ళీ ఇల్లు చూసేది మేలోనే. పోయిన ఆగస్టులో మాత్రం ఎక్కలేదు. తన మేనమామ వాడి వదిలేసిన తెప్పను లారీ మీద ఇక్కడికి తెచ్చి, ఈ పని మొదలుపెట్టాడు. అతని మేనల్లుడు పెట్టిన వీడియో చూసి ఫోన్ చేసినవాళ్ళు చాలామందే గానీ, నిజంగా సంచీ సర్దుకుని వచ్చిన మొదటివాళ్ళం మేమేనట.

"వెరావల్లో మా బోటు పెద్ద నిన్న ఫోన్ సేసినాడు. ఒక మనిషి జబ్బు పడి ఎల్లిపోయాడంట. ఆదివారం దాకా నా సోటు ఉంచుతానన్నాడు," అన్నాడు రాములు నీళ్ళ వంక చూస్తూ. "ఈ మూడు రోజులూ బాగుంటే ఉండిపోదామని. లేదంటే రైలెక్కడమే."

ఆ మాట విన్నాక నాకు పడవలో కూర్చోవడం కొంచెం బరువైంది. మేము చేపలు పట్టడానికి వచ్చామనుకున్నాం. ఒక సంసారం మా మీద ఆధారపడి ఉందని తెలియదు.

ఇసుక

రాములు సముద్రం మనిషి. తెడ్డు వేస్తే కండలు చూడాలి. కానీ సముద్రంలో అడుగు తగలదు. నాగావళిలో ఆ నెలలో అడుగు తగలడం తప్ప వేరే పని ఉండదు. గంటలో మూడుసార్లు ఇసుకకు ఎక్కాం. ముగ్గురం దిగి, మోకాటి లోతు నీళ్ళలో నెట్టాం. మూడోసారి నా కుడికాలి చెప్పు ఇసుకలో దిగిపోయింది, మళ్ళీ రాలేదు. మా ఆయన రంగురంగుల రబ్బరు చేపలు, తళతళలాడే రేకులు, తెచ్చినవన్నీ మార్చి మార్చి విసిరాడు. ఒక చిన్న పరిగె చేప కూడా వాటి వంక చూడలేదు.

నదిని మాత్రం ఏమనగలను! ఒడ్డున కోసిన వరి చేలు, కుప్పలు, నూర్పిడి దుమ్ము. చెరకు బళ్ళు. గట్టు మీద బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు, "ఏ ఊరప్పా?" అని కేకేయడం, మేము ధర్మవరం అంటే "అదెక్కడ?" అనడం, జవాబు వాళ్ళకు చేరేలోపల పడవ మలుపు తిరగడం. నాకు అదే పండగలా ఉంది. మా ఆయనకు కాదు.

సాయంత్రానికి గౌరమ్మ పుట్టింటి ఊరు చేరాం. ఆమె బస్సులో మాకన్నా ముందే వచ్చి పొయ్యి వెలిగించింది. అన్నం, ఆవపెట్టిన అరటికాయ కూర, జెల్లల పులుసు. ఆ జెల్లలు ఊళ్ళో కొన్నవని చెప్పకుండానే తెలుస్తోంది. వడ్డిస్తూ అడిగింది. "మొదట ఆగింది రెల్లుగడ్డి మలుపులోనా? రెండోది పంపుసెట్టు దాటినాక?"

"నీకెలా తెలుసు?" అన్నాను.

"అక్కడ ఎడం పక్కనుండి పోవాల. ఏరు పోయిన వానల్లో మారిపోనాది." వాళ్ళ నాన్న ఈ ఏట్లోనే వల వేసి నలుగురు పిల్లల్ని పెంచాడట. ఆయన పోయేదాకా పడవలో వెనక కూర్చుని, నీటి అడుగున పొడిచి పడవ నడిపే గెడ పట్టింది ఈమే. ఏటి వాళ్ళలో ఆ పట్టింపు లేదు. రాములు కంచంలో అన్నం సగంలోనే వదిలేశాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

బండల రేవు, శనివారం

పొద్దున్నే చోడి అంబలి పోశారు. చోళ్ళు అంటే మా రాగులే. మేము ముద్ద చేసి మింగేదాన్ని వీళ్ళు పల్చగా కాచి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తాగుతారు. మా ఆయన రెండు చెంబులు తాగి, మన సంగటికన్నా తేలిగ్గా ఉందే అన్నాడు. ఊళ్ళో దొరికిన రబ్బరు చెప్పులు నూట ఇరవై పెట్టి కొన్నాను. రెండూ ఒకే సైజు అన్నమాటే గానీ ఒకే రంగు కావు.

ఆ రోజు కూడా గౌరమ్మ గట్టు మీదే. దిగువ రేవులో కలుస్తానని క్యారియరు పట్టుకుని గట్టు దారిన నడిచింది. పోతూ పోతూ, "మావా, బండల కాడ జాగ్రత్త. బావూ, అక్కడ నిలబడకండి," అని మరీ మరీ చెప్పింది. రాములు కూడా ఎక్కగానే అదే మాట చెప్పాడు. పడవలో ఎవరూ లేవకూడదని.

పది దాటాక నది సన్నబడింది. నీళ్ళకు చప్పుడు వచ్చింది. రెండు వైపులా నల్లటి బండలు, మధ్యలో లాగేసే నీరు. మా ఆయన ఒక బండ నీడలోకి రేకు విసిరాడు. మరుక్షణం గాలం కర్ర విల్లులా వంగింది. దారం చుట్టిన చక్రం కీచుమని తిరిగింది. నీళ్ళలో వెండి రంగు ఒళ్ళు ఒకటి, నా చెయ్యంత పొడవు, మెరిసి మాయమైంది.

"వాలుగ!" అని అరిచాడు రాములు.

మా ఆయన లేచి నిలబడ్డాడు.

చేప బండ కిందకు దూరింది. దారం తెగకూడదని రాములు పడవను అడ్డంగా తిప్పాడు. సముద్రంలో అది సరైన పనే అయ్యుండొచ్చు. ఇక్కడ నీరు పడవను పక్కనుంచి తోసి బండకేసి కొట్టింది. మా ఆయన కర్రతో సహా నీళ్ళలో పడ్డాడు. ఆయనకు ఈత రాదు. రాములు తెడ్డు వదిలేసి దూకాడు. ఆ కుదుపుకు పడవ బండను వదిలించుకుని దిగువకు కదిలింది, నాతో.

నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు. వెనక్కి చూస్తే రెండు తలలు కనబడ్డాయి. ఒకటి ఇంకొకదాన్ని పట్టుకుని ఉంది. బతికాడు అనుకున్నాను. ముందుకు చూస్తే మళ్ళీ బండలు. తెడ్డు లేదు. నా కాళ్ళ దగ్గర పొడవాటి వెదురు గెడ ఒకటి పడి ఉంది.

"అప్పా! గెడ ఎత్తు! నిలబడకు, కూకునే పొడు!"

గట్టు మీద గౌరమ్మ క్యారియరు పడేసి పరిగెత్తుతోంది. "కుడి పక్క! నీ కుడి!" నాకు ఆ క్షణంలో కుడేదో ఎడమేదో తెలియలేదు. నేను అన్నం తినే చెయ్యి అనుకుని ఆ పక్క పొడిచాను. గెడ రాతికి తగిలి చేతులు జల్లుమన్నాయి. పడవ ముక్కు కొంచెం తిరిగింది, కొంచెం నెమ్మదించింది. ఆ కొంచెం చాలింది. గౌరమ్మ చీర ఎగ్గట్టి నీళ్ళలోకి దిగింది, నాలుగు బారలు ఈదింది, పడవ అంచు పట్టుకుని ఒక్క ఊపులో ఎక్కేసింది. నా చేతిలోంచి గెడ తీసుకుంది. ఆమె జుట్టు నీళ్ళు నా మీద కారుతున్నాయి.

"ముందు సూడప్పా, తెల్లగా నవ్వతన్న కాడ కింద రాయుంటాది. నల్లగా, మెదలకుండా ఉన్న కాడే దారి." ఒక పోటు ఇటు, ఒక పోటు అటు. పడవ రెండు బండల మధ్యనుంచి చీర మడతలా జారిపోయింది. అవతల లోతులేని ఇసుకలో ఆపి, అప్పుడు కూర్చుంది. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం.

వాళ్ళిద్దరూ గట్టు మీద నుంచి నడిచి వచ్చారు. మా ఆయన మోకాలు చీరుకుని రక్తం కారుతోంది. ఫోను నీళ్ళపాలు. గాలం కర్ర ఏమైందో నాగావళికే తెలుసు. రాములు ఆయన్ని కూర్చోబెట్టి తన తువ్వాలుతో కట్టు కట్టాడు. తర్వాత తలెత్తి పడవలో నిలబడ్డ భార్యను చూశాడు.

ముందు నన్నడగండి

ఆ సాయంత్రం బస చేసిన ఇంటి అరుగు మీద రాములు మాకు దూరంగా కూర్చున్నాడు. చివరికి తనే దగ్గరికి వచ్చాడు.

"రేపు మిమ్మల్ని బస్సెక్కించేత్తానమ్మా. డబ్బులొద్దు. ఈ పని నాకు రాదు. వెరావల్ ఎల్లిపోతాను."

మా ఆయన గురించి నేను ఇన్నేళ్ళలో చాలా అన్నాను. ఆ రోజు ఆయన అన్న మాటకు అవన్నీ వెనక్కి తీసుకుంటాను. "పడింది నా తప్పు రాములూ. లేవద్దని నీ భార్య చెప్పె, నువ్వు చెప్తివి. చేప కనబడేసరికి నాకు ఒళ్ళు తెలీలే. నువ్వు దూకకుంటే ఈ పొద్దు నేను లేను. దీనికి నువ్వు పని మానుకునేదేంది?"

నేను అందుకున్నాను. "రేపు కూడా పడవెక్కుతాం. కానీ గెడ గౌరమ్మ పట్టాల."

రాములు తల వంచుకున్నాడు. మాట వచ్చింది గౌరమ్మ నుంచి. పొయ్యి దగ్గర నుంచి ఊదు గొట్టం పట్టుకునే వచ్చింది.

"అందరూ ఆయన్నే అడుగుతన్నారు. ముందు నన్నడగండి, పడతానో లేదో."

నాకు సిగ్గేసింది. "పడతావా గౌరమ్మా?"

"పడతాను. మావ ముందు కూకుంటే పడతాను. ఆయన్ని గట్టు మీద వొదిలేసి ఎక్కను. నన్నొదిలేసినట్టు."

ఆఖరి మాట మెల్లగానే అంది. రాములు విన్నాడు. లేచి, చీకటి పడకముందే తెప్ప అడుగున చీలిక ఏమైనా పడిందేమో చూసి వస్తానని ఏటి వైపు వెళ్ళాడు.

ఆనకట్ట దిగువ, ఆదివారం

పొద్దున రేవుకు వెళ్ళేసరికి రాములు తెప్ప ముందు భాగంలో కూర్చుని ఉన్నాడు. వెనక పీట ఖాళీ. అతను మా వంక చూడలేదు గానీ, గౌరమ్మ ఎక్కడానికి వీలుగా పడవను గట్టుకు ఆనించి గట్టిగా పట్టుకున్నాడు. ఆమె వంగి నీళ్ళు తాకి, కళ్ళకద్దుకుని ఎక్కింది.

నారాయణపురం ఆనకట్ట దగ్గర పడవను ఎత్తి అవతల దింపాలి. పక్క చేలో ధాన్యం బస్తాలు కుడుతున్నవాళ్ళు ఎనిమిది మంది వచ్చి ఒక్క ఊపులో దాటించేశారు. ఏమైనా ఇవ్వబోతే వద్దన్నారు. ఫొటో తీసి పంపమన్నారు. ఫొటో తీసే ఫోను నాదొక్కటే మిగిలింది కాబట్టి ఆ పని నాకు పడింది. వాళ్ళలో పెద్దాయన గౌరమ్మను చూసి, "నువ్వు ఆ పై ఊరి వలోడి కూతురువు కాదేటి? మీ నాన్న గెడే అనుకున్నాను దూరం నుండి," అన్నాడు. గౌరమ్మ తర్వాత చాలా దూరం నవ్వు ముఖంతో గెడ వేసింది.

దిగువన ఒకచోట గట్టు కోసుకుపోయి చెట్ల వేళ్ళు నీళ్ళలోకి వేలాడుతున్నాయి. గౌరమ్మ పడవ వేగం తగ్గించి, మాట్లాడొద్దని సైగ చేసింది. రాములు తన సంచిలోంచి దారపు ఉండ తీశాడు. జీలుగు బెండు ముక్క ఒకటి, దాని కింద గాలం, ఎరగా చిన్న పరిగె. ముడి వేస్తుంటే చూడాలి, సముద్రం చేతులవి. కంటికి కనబడని ముడి. ఆ దారం మా ఆయనకు ఇస్తాడనుకున్నాను. నా చేతికి ఇచ్చాడు.

"వాలుగ సూడాలన్నారు గదమ్మా."

బెండు పడవ పక్కనే నీళ్ళతో పాటు మెల్లగా తేలుతూ వచ్చింది. మా ఆయన గుసగుసగా నాకు సలహాలు మొదలుపెట్టాడు. "మాట్లాడద్దు" అన్నాను. బెండు ఒకసారి తల ఊపింది. ఇంకోసారి. మూడోసారి కనబడలేదు.

లాగడం అంటే అది లాగడం. దారం వేళ్ళను కోసింది. "వొదులు, వొదులు, ఇప్పుడు తియ్!" రాములు ముందు నుంచి, "అటు పోనీకు, వేళ్ళున్నాయి!" అని గౌరమ్మ వెనక నుంచి. ఆమె గెడతో పడవను చేప ఎటు పోతే అటు తిప్పింది. అతను చెయ్యి నీళ్ళలోకి పోనిచ్చి, మొప్పల దగ్గర పట్టుకుని పైకెత్తాడు. మూరెడు ఉంటుంది. చదునైన తల, పొడుగు మీసాలు, చెవులదాకా చీల్చుకున్న నోరు. ఆ నోటి నిండా సన్నని పళ్ళు. పొందూరు వసారాలో చూసింది ఇదే. అప్పుడు నాకు ఏడుపెందుకు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

మా ఆయన అలవాటు కొద్దీ, "ఫొటో తీసి వదిలేద్దాం," అన్నాడు.

గౌరమ్మ గెడ ఆపేసింది. "వొదిలేత్తారా? పట్టి వొదిలేత్తే దానికి నోరు నొప్పి, మనకి ఆకలి. ఎవులికి లాభం బావూ?"

అందరూ నా వైపు చూశారు. "వండు," అన్నాను.

ఇసుక తిన్నె మీద మూడు రాళ్ళు పెట్టి చింతపండు, ఆవపిండి వేసి పులుసు కాచింది. దవడను మాత్రం విడిగా తీసి, కడిగి, వెలుతురులో పెట్టి చూసింది. "ఇది పిల్లది. పొందూరోలకి పనికిరాదు. పెద్దది ఆ బండల కిందే ఉన్నాది, ఎక్కడికీ పోదు." మా ఆయన మూడు ముక్కలు తిన్నాడు. ఇరవై ఆరేళ్ళ నియమం ఇసుక మీదే పోయింది. ఉప్పు కొంచెం ఎక్కువైందని మాత్రం అనగలిగాడు.

తింటుంటే రాములు సంచిలో ఉన్న బటన్ల ఫోను మోగింది. వెరావల్. రాములు లేచి నాలుగడుగులు వేసి మాట్లాడాడు. "ఇంకా ఏటీ అనుకోలేదన్నా. సాయంత్రం సెప్తాను." వచ్చి కూర్చున్నాడు. గౌరమ్మ అడగలేదు. అతని కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

శ్రీకాకుళం

పొద్దు వాలుతుండగా పట్నం వంతెన కనబడింది. అప్పటిదాకా నిటారుగా కూర్చున్న రాములు వీపు కొంచెం వంగింది. ఎందుకో నాకు అర్థమైంది. ఇక్కడిదాకా చూసినవాళ్ళంతా ఏటి జనం. ఇక్కడ రేవులో చేపలమ్మే ఆడవాళ్ళు సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు, అతని మనుషులు.

అనుకున్నట్టే అయింది. రేవు మెట్ల మీద ఖాళీ గంపలు కడుక్కుంటున్న ముసలావిడ ఒకతె చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి గుర్తుపట్టింది. ఆవిడ గొంతు నీళ్ళ మీద అవతలి ఒడ్డుదాకా వినబడి ఉంటుంది.

"ఒరే రాములూ! పెళ్ళాన్ని పడవెక్కించినావేటిరా?"

మెట్ల మీద ఉన్నవాళ్ళంతా చూశారు. వంతెన మీద ఇద్దరు ముగ్గురు సైకిళ్ళు ఆపారు. గౌరమ్మ గెడ నీళ్ళలో ఆగిపోయింది. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

రాములు తల తిప్పి వెనక్కి, ఆమె వంక చూశాడు. తర్వాత గట్టువైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాడు.

"నానెక్కించలేదత్తా. ఆవిడే నన్నెక్కించుకున్నాది."

ముసలావిడ పక్కనున్న పడుచు పిల్ల ఒకతె కిసుక్కున నవ్వింది. దాన్ని చూసి ఇంకో ఇద్దరు నవ్వారు. ఆ తర్వాత ముసలావిడ కూడా, "ఓలమ్మో, ఆడి మాటలు సూడండే!" అంటూ గంప బోర్లించి నీళ్ళు దులిపింది. గౌరమ్మ పడవను మెట్లకు ఆనించింది. అంత మెత్తగా మూడు రోజుల్లో ఏ రేవులోనూ ఆనలేదు.

మేము సంచులు దింపుకుంటుంటే రాములు మెట్ల మీదే నిలబడి ఫోన్ చేశాడు. ఈసారి దూరం పోలేదు. "అన్నా, నా సోటు ఎవులికైనా ఇచ్చీ." అంతే. అవతల ఏమన్నారో మాకు తెలియదు.

ధర్మవరం

మాఘం వచ్చింది. కొట్లో ఊపిరి సలపని పని. మొన్న గిరాకీ మధ్యలో గౌరమ్మ ఫోన్ చేసింది. రాజాం కాలేజీలో పాఠాలు చెప్పే ముగ్గురు మాష్టర్లు వచ్చారట. పడవ దగ్గర నిలబడి, గెడ పట్టేది ఎవరని అడిగారట.

"నానే అన్నాను అప్పా. ఒకలి మొకం ఒకలు సూసుకున్నారు. మావ అప్పటికే ముందెళ్ళి కూకున్నాడు. ఇంకేటి సేత్తారు, ఎక్కినారు."

బండల రేవు కూడా దాటించిందట. రెండు రోజులు తిరిగి ముందురోజే దిగి వెళ్ళారట, మళ్ళీ నెలలో ఇంకో ఇద్దర్ని తీసుకుని వస్తామని చెప్పి. ఆమె గొంతులో సంతోషం విని, "చేపలు బాగా పడ్డాయన్నమాట," అన్నాను.

"ఒక్కటీ పళ్ళేదప్పా," అంది గౌరమ్మ నవ్వుతూ. "అయినా వత్తామన్నారు."